కానుగ తోపులో తడిబట్టలు

నా పెళ్ళి మా అమ్మ తమ్ముడితోనే జరిగింది. మా వైపు అది వింత కాదు. పుట్టినప్పటి నుంచి ‘మామా’ అని పిలిచి, ‘నువ్వు’ అని పోట్లాడిన మనిషిని తాళి కట్టిన మరునాటి నుంచి ‘మీరు’ అనమంటే నాకు నోరు తిరగలేదు. ఈ రాతలోనూ ‘అన్నాడు, చేశాడు’ అనే రాస్తాను. మర్యాద తక్కువైందనుకునేవాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు.

మామ ప్లీడరు. బెంగళూరు పేటలో, బళేపేట వెనక సందులో మా ఇల్లు. ఆనేకల్లు తాలూకా నుంచి మైసూరు సంస్థానం ప్రజా ప్రతినిధి సభకు ఆయన మెంబరు. ఆ తాలూకాలో చాలా ఊళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతాయి, సర్కారు కచేరిలో కన్నడం మాట్లాడతాయి. అర్జీ మాత్రం ఇంగ్లీషులో ఉంటే తొందరగా పైకి పోతుందని అందరి నమ్మకం. ఆ ఇంగ్లీషు నాది. మామ వీధి అరుగు మీద, అదే జగిలి మీద, కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడేవాడు. నేను లోపల బల్ల దగ్గర కూర్చుని ఆ మాటలను అర్జీలుగా మార్చేదాన్ని. బి.ఏ. చదివిన పెళ్ళాం ఉంటే ప్లీడరుకు గుమాస్తాతో పనేముంది.

చెట్ల మీద ప్రేమ ఆయనకు పుట్టుకతోనే వచ్చిందని తర్వాత్తర్వాత వేదికల మీద చాలామంది చెప్పారు. అబద్ధం. రోడ్డు పక్క చింతచెట్లు కొట్టేస్తున్నారని ఒకసారి సభలో రెండు మాటలన్నాడు. పత్రికలో నాలుగు వరుసలు పడ్డాయి. ఆ పత్రికను వారం రోజులు కోటు జేబులో పెట్టుకుని తిరిగాడు. చెట్ల సంగతి అక్కడ మొదలైంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి. పేరు కోసం పట్టుకున్న పని మెల్లగా ఆయన్నే పట్టుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముదిరేసరికి, ఏ ఊరికి ఏ తోపు ఉందో, దాన్ని ఎవరు నాటారో, ఏ కంట్రాక్టరు కన్ను దానిమీద పడిందో, అన్నం మధ్యలో అడిగినా చెప్పేవాడు. సాటి మెంబర్లు ‘తోపులప్ప’ అని నవ్వేవాళ్ళు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వి, మళ్ళీ లేచి తోపుల గురించే మాట్లాడేవాడు.

ఆ రోజుల్లో పెట్రోలు దొరికేది కాదు. బస్సులు వెనక ఇనప పొయ్యి కట్టుకుని బొగ్గు పొగతో నడిచేవి. హోసూరు రోడ్డు మీద ఎత్తు వచ్చిందంటే కండక్టరు అందరినీ దింపేవాడు. మేము నడిచి ఎక్కి, పైన నిలబడి బస్సు కోసం ఎదురు చూసేవాళ్ళం. ఆ బస్సులకు బొగ్గు, సిపాయిల వంటలకు కట్టెలు, ఊళ్ళో పొయ్యిలకు కట్టెలు. అన్నీ చెట్టు నుంచే రావాలి. కిరసనాయిలు బెంగళూరులోనే చీటీ మీద కాస్త పోసేవాళ్ళు, పల్లెలకు ఆ కాస్తా చేరేది కాదు. అక్కడ మళ్ళీ కానుగ నూనె దీపాలు వచ్చాయి.

ఆ చలికాలం ఒక పొద్దున ముసలామె ఒకతె మా జగిలి దగ్గరికి వచ్చింది. బొమ్మసంద్ర దాటి, చందాపుర చేరకముందు, రోడ్డు దిగి లోపలికి నడిచిపోయే ఊరు ఆమెది. ఏటా ఎండల్లో మొదటి నూనె తీయగానే వచ్చి నాకు సీసాడు కానుగ నూనె ఇచ్చిపోయేది. మోకాళ్ళకు రాసుకోమని. నా మోకాళ్ళు అప్పటికి బాగానే ఉండేవి, కానీ ఆమె మాట కాదంటే వినేది కాదు.

“అమ్మణ్ణీ, మెంబరప్ప ఉండాడా?”

“ఉండాడు. సభలో కంటే ఇంట్లోనే జాస్తి మాట్లాడతా ఉండాడు. ఏమాయె?”

“నరికేదానికని మానులకు ముద్ర కొట్టినారు. చెక్క లేపి, సుత్తితో. నా ఏడు మానులకూ కొట్టినారు.”

ఆ ఊరి తోపంతా కానుగే. అందులో ఒక కట్టుబాటు ఉంది. పొలం ఉన్నవాళ్ళు ఆకు కోసుకోవచ్చు, మడిలో ఎరువుగా తొక్కడానికి. రాలిన కాయ జోలికి మాత్రం వాళ్ళు రాకూడదు. అది పొలం లేని ఆడవాళ్ళది. వాళ్ళలోనూ మొగుడు పోయినవాళ్ళు ముందు ఊడ్చుకుంటారు, పొద్దు నడినెత్తికి వచ్చాక మిగిలినవాళ్ళు. ఎండాకాలం మూడు నెలలు ఏరి, ఎండబెట్టి, దుడ్డుకర్రతో కొట్టి గింజ తీసి గానుగకు వేస్తారు. ఆ నూనెతో ఊరికి దీపం, వాళ్ళకు ఏడాది రాగులు. మొగుడు పోయిన ఈమె వంతుకు ఏడు చెట్ల కింద నేల వచ్చింది, ఆమె అత్తకూ ఆ ఏడు చెట్లే. బిడ్డలు లేరు. ఆ ఏడు చెట్లు పోతే ఆమెకు ఇంకేమీ లేదు. ఇది నాకు అప్పుడే తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మామ కచేరీల చుట్టూ పది రోజులు తిరిగాడు. పదకొండో రోజు సంతోషంగా వచ్చాడు.

“ఒగ దారి ఉండాది. పూజ జరిగే మానును కొట్టకూడదని సర్కారు రూలులోనే ఉండాది.”

“అక్కడ పూజ యాడ జరుగుతుంది మామా? అది కాయలేరుకునే తోపు.”

“జరగలేదు సరే. జరిపిస్తే జరుగుతుంది కదా.”

“అంటే అబద్ధం.”

“మానుకు దండం పెట్టడంలో అబద్ధమేముందే? నువ్వు రోజూ తులసికి పెట్టేది నిజమా?”

“నేను పెట్టను. మీ అక్క పెడుతుంది.”

“అందుకే ఇల్లు నిలబడి ఉండాది,” అన్నాడు మామ.

రెండు వారాల్లో తోపులో మూడు రాళ్ళు నిలిపారు. నేనూ పోయాను. పసుపు పూసి, కుంకుమ పెట్టి ఫొటో తీయించుకుని వస్తామనుకున్నాను. ఊరివాళ్ళు నాటకం ఆడలేదు. తొమ్మిది రోజులు ఇళ్ళల్లో మాంసం వండలేదట. పూజారిని పిలిపించి, నూరు బిందెల నీళ్ళు పోసి, తప్పెట్లు కొట్టించి, ఊరందరికీ రాగిముద్ద, అనపకాయ చారు పెట్టారు. పటేలు నేల మీద సాష్టాంగపడ్డాడు. ముసలామె కొత్త రవిక తొడుక్కుని వచ్చింది. ఇదంతా చూసి, పల్లెవాళ్ళు దేన్నైనా జాతర చేసుకుంటారులే అని బస్సులో మామతో అన్నాను. చదువుకున్నదాన్ని కదా.

ఆ తోపును పాడుకున్న కంట్రాక్టరు ఊరుకోలేదు. ఆక్షేపణ వేశాడు. అందులో ఉన్నది అక్షరాలా నిజం. ఈ తోపులో ఊరి ఆడవాళ్ళు ఏటా కాయలేరి నూనె తీసి అమ్ముకుంటారు, ఇది దేవుడి వనమెట్లా అవుతుంది అని. ఆ కాగితం చూసేసరికి నాకు ఉడుకెత్తింది. వాదంలో ఎదుటివాడి మాట నిజమైనప్పుడు నాకు వచ్చే కోపం వేరుగా ఉంటుంది. మధ్యాహ్నమంతా కూర్చుని జవాబు రాశాను. మంచి ఇంగ్లీషు. తాతముత్తాతల నాటి నుంచి ఈ వనంలో ఊరివాళ్ళు కొమ్మ విరవరు, ఆకు తుంచరు, నేల రాలిన కాయనైనా ఇంటికి తీసుకుపోరు, వాళ్ళ భక్తి అటువంటిది అని ఒక వాక్యం పెట్టాను.

మామ చదివి కళ్ళజోడు తీశాడు.

“రాలిన కాయ మాట తీసెయ్యి. జాస్తి అయింది.”

“తీసేస్తే వాడి ఆక్షేపణకు జవాబెక్కడ ఉండాది?”

“వాళ్ళు ఏరతారు కదే.”

“ఎండాకాలం ఇంకా రాలేదు. ఇప్పుడు ఎవరేరతా ఉండారు? ఉత్తర్వు వచ్చినాక అక్కడ ఎవురు కాపలా కూర్చుంటారు? నువ్వు ప్లీడరువా, పూజారివా?”

ఆయన గడ్డం గీరుకుని, సంతకం పెట్టాడు. ఆ ఇంట్లో వాదనలన్నీ నేనే గెలిచేదాన్ని. ఇదీ గెలిచాను.

తాలూకా పెద్ద అధికారిని అప్పుడు అమల్దారు అనేవాళ్ళు. విచారణకు ఆయనే వచ్చాడు. పొట్టి మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. తోపు చుట్టూ ఒకసారి తిరిగి, రాళ్ళ మీద పసుపు ఎంత కొత్తదో వేలితో తీసి చూసి, ఆ వేలు రుమాలుకు తుడుచుకున్నాడు. నేను రాసింది కన్నడంలోకి తిప్పి గట్టిగా చదివాడు. తర్వాత మామతో అన్నాడు, ఇంత భక్తి ఉన్న ఊళ్ళో నాకు వేలిముద్రలెందుకు మెంబరుగారూ, ఈ మాట దేవుడి ముందరే చెప్పమనండి, చాలు అని.

పటేలు, ఇంకో నలుగురు మగవాళ్ళు, కాయలేరే ఆడవాళ్ళు పదముగ్గురు బావి దగ్గర నీళ్ళు పోసుకుని తడిబట్టలతో వచ్చారు. మాఘమాసం చలి. ఒక్కొక్కరే రాయి మీద చెయ్యి పెట్టి, కొమ్మ విరవను, ఆకు తుంచను, రాలిన కాయ తీయను అని చెప్పారు. ముసలామె వంతు వచ్చినప్పుడు చెయ్యి పెట్టే ముందు తిరిగి నా వైపు చూసింది. ఏదో అడగడానికి చూసినట్టే ఉంది. నేను తల ఊపాను. కానియ్యి అని. ఆమె చెయ్యి పెట్టింది. చీర అంచు నుంచి నీళ్ళు రాయి మీద కారుతున్నాయి. మాటలు స్పష్టంగా చెప్పింది.

ఉత్తర్వు వచ్చింది. తోపు నిలిచింది. బస్సు దిగిన చోటి నుంచి ఊరిదాకా మామను ఎద్దుల బండి మీద ఊరేగించారు. పత్రికలో ఈసారి అర కాలమ్ పడింది. ఆ రాత్రి నాతో, “నీ వాక్యమే గెలిపించింది,” అన్నాడు. నేను కాదనలేదు.

చైత్రం వెళ్ళాక మళ్ళీ ఆ ఊరికి పోయాను. ఆ ఏట నూనె సీసా రాలేదు. అలవాటైన వస్తువు రాకపోతే ఎందుకు రాలేదా అనిపిస్తుంది, అంతే. తోపులోకి అడుగుపెడితే కాయల మీద కాళ్ళు జారాయి. చీలమండ లోతు రాలి ఉన్నాయి. కింద పొర నల్లబడి బూజు పట్టింది. కొత్త చిగురు వేసి చెట్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఒక్క మనిషి లేదు. ముసలామె ఇంటి ముందర కూర్చుని ఎవరివో చింతకాయలు కూలికి కొట్టి పిక్క తీస్తోంది.

“కాయలు కుళ్ళిపోతా ఉండాయి కదమ్మా, ఏరలేదేమి?”

“ఎట్ల ఏరేది అమ్మణ్ణీ?”

“ఎప్పుడూ ఎట్ల ఏరతావో అట్లే.”

ఆమె చింతకాయ కొట్టడం ఆపలేదు. “చెయ్యి పెట్టి చెప్తిమి కదా.”

“అది కచేరి కోసం చెప్పిన మాట. అమల్దారు పోయినాడు, ఉత్తర్వు వచ్చింది. తెల్లవారుజామున పోండి, ఎవురు చూస్తారు?”

“ఎవురూ చూడకుండా తెచ్చుకుంటే అది దొంగతనం. నా ఏడు మానుల కింద నేను దొంగతనం చేసేదా?”

“ఆ రాళ్ళు మేము పెట్టించినవి. మొన్న పెట్టించినవి. నీకూ తెలుసు, నాకూ తెలుసు.”

“పెట్టించేటప్పుడు రాళ్ళే. నూరు బిందెలు పోసినాక ఎట్ల రాళ్ళవుతాయి?” అని, ఆమె నా ముఖం చూసి, చిన్నపిల్లకు చెప్పినట్టు మెత్తగా అంది. “కాగితానికి నువ్వు చెప్తివి. రాయికి మేము చెప్తిమి. నీ మాట నువ్వు కొట్టేసుకోవచ్చు. మాకు చెరిపేదానికి రబ్బరు లేదు కదమ్మా.”

పక్కింటామె నవ్వింది. “చదువుకున్నమ్మకు రబ్బరు జాస్తి,” అంది.

నేను పోయి తోపులో కొంగు నిండా కాయలేరి తెచ్చి ఆమె ముందర పోశాను. చూడు, నాకేమైనా అయిందా అని. ఆమె లేచి, చీపురుతో ఆ కాయలను చేతికి తగలకుండా చేటలోకి ఊడ్చి, తిరిగి తోపు అంచున పోసి వచ్చింది. వచ్చి మళ్ళీ చింతకాయల ముందు కూర్చుంది. నాతో వాదించనివాళ్ళను ఎట్లా ఎదుర్కోవాలో నాకు ఎప్పుడూ తెలియలేదు.

మామకు చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. ఊరికి పోయి, దేవుడినే అడగండి, పూవు అడగండి అన్నాడు. మా వైపు ఏదైనా తేలకపోతే రాయికి పూలు తడిపి అంటిస్తారు. కుడివైపు రాలితే సరే అన్నట్టు, ఎడమవైపు రాలితే వద్దన్నట్టు. పూజారి అంటించాడు. పొద్దుగూకేదాకా అందరూ కూర్చున్నారు. చివరికి ఎడమవైపు పూవు రాలింది. మేము నిలబెట్టించిన రాయి మా మాటే వినలేదు.

ఇక ఒక్కటే దారి. మా అర్జీలో రాసింది అబద్ధమని మేమే అధికారికి చెప్పాలి. ఆ మాట రాసి పెట్టినవాడే దాన్ని వెనక్కి తీసుకుంటే ప్రమాణం వదిలినట్టేనని పూజారి అన్నాడు. అదే చెయ్యమని ఆ నెలంతా మామను సాధించాను.

“చెప్తే ఉత్తర్వు రద్దవుతుంది,” అన్నాడు. “మర్నాడే గొడ్డళ్ళు వస్తాయి. అప్పుడు కాయ యాడుంటుంది, ఏరేదానికి?”

“నీ మెంబరు గిరీ కూడా పోతుంది. ఆ మాట కూడా చెప్పు.”

“అదీ పోతుంది. నేను లేదంటినా?”

“అయితే ఆ పదముగ్గురూ ఏమి తినేది?”

“నువ్వే చెప్పు,” అన్నాడు. “నేను తీసెయ్యమంటిని. నువ్వు తీయలేదు. ఇప్పుడూ నువ్వే చెప్పు, నేను సంతకం పెడతాను.”

ఆయన వెటకారంగా అనలేదు. కలం నా ముందు పెట్టి కూర్చున్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మా ఇద్దరిలో నేను జవాబు చెప్పలేక ఊరుకున్నది ఆ ఒక్క పొద్దే. చెప్తే చెట్లు పోతాయి, చెప్పకపోతే మనుషులు. చెట్లు పోతే మనుషులూ పోతారు. ఎటు తిప్పినా అదే లెక్క. కలం అట్లే ఎండిపోయింది. చెప్పకపోవడం కూడా ఒక జవాబేనని తర్వాత అర్థమైంది, ఎందుకంటే జరిగింది అదే.

ఆ కంట్రాక్టరు నష్టపోలేదు. అత్తిబెలె వైపు ఇంకో ఊరి తోపు పట్టాడు. అక్కడి నుంచి మామ దాకా ఎవరూ రాలేదు, రాళ్ళు లేవు. తోపు పక్కనే బొగ్గు బట్టీలు పెట్టాడు. కూలి కావలసిన ఆడవాళ్ళు నడిచి పోయేవాళ్ళు. ప్రమాణం చేసిన పదముగ్గురిలో ఎనమండుగురు పోయారు.

మరుసటి చలికాలం ముసలామె మా జగిలి దగ్గరికి వచ్చింది. కనుబొమలు సగం కాలిపోయి ఉన్నాయి. చేతుల గీతల్లో మసి. నూనె సీసా బదులు చిన్న గోనె తెచ్చింది. గోనెలో బొగ్గు.

“ఊరికే వచ్చేదెట్ల అని తెచ్చినా,” అంది. “మేస్త్రీ పండక్కి ఇచ్చినాడు. మంచి బొగ్గు అమ్మణ్ణీ, కానుగది. చిటపట అనదు.”

“ఎవరి కానుగ?”

“ఎవరిదో. ఆ ఊళ్ళోనూ మాలాంటివాళ్ళే ఏరుకుంటా ఉండిరి. ఇప్పుడు వాళ్ళూ మాతోనే బట్టీ కాడికి వస్తా ఉండారు.” గోనె మూతి విప్పుతూ, “వాళ్ళు మమ్మల్ని చూసి, మీ మానులు నిలిచినాయి, మీకేమమ్మా అంటారు,” అని నవ్వింది. ఆమె నవ్వితే దగ్గు వచ్చింది.

కాఫీ ఇచ్చాను. ఇంట్లో ఉండిపొమ్మన్నాను. వంటింట్లో మా అమ్మకు తోడుగా ఉండు, బట్టీకి పోవద్దు అన్నాను. “పట్నంలో నాకేమి తోస్తుంది? మానులు ఉండాయి కదా, పొద్దున లేస్తే కనపడతాయి,” అంది. లేచి పోయింది.

ఆ బొగ్గును నేను పారేశానని రాస్తే బాగుంటుంది. పారేయలేదు. అప్పుడు బళేపేటలో బొగ్గుకు వరసలో నిలబడాలి. పదిహేను రోజులు దానిమీదే వంట చేశాను. ఆమె చెప్పింది నిజమే, చిటపట అనలేదు.

బొగ్గు బట్టీ అంటే కట్టెలు పేర్చి, ఆకు కప్పి, మట్టి మెత్తి లోపల మెల్లగా కాల్చడం. రోజుల తరబడి కాలుతుంది. పైన ఎక్కడైనా బీట వస్తే గాలి పోకుండా ఎవరో ఒకరు ఎక్కి మట్టి వేయాలి. బరువు తక్కువ మనిషిని ఎక్కిస్తారు. ఫాల్గుణంలో ఆమె ఎక్కింది. పైకప్పు దిగబడి రెండు కాళ్ళూ తొడల దాకా లోపలికి పోయాయి. ఊరికి మంచం మీద మోసుకువచ్చారు. కాలిన చోట రాయడానికి కానుగ నూనె కావాలని పూజారి చెప్పాడట. ఊళ్ళో ఎవరింట్లోనూ లేదు. మామ బెంగళూరు నుంచి డాక్టరును తీసుకుని టాక్సీలో పోయేసరికి నాలుగో రోజు. ఆ పొద్దునే పోయింది. తోపు కనపడేట్టు మంచాన్ని బయట వేయమని అడిగిందని పక్కింటామె చెప్పింది. ఈసారి ఆమె రబ్బరు మాట ఎత్తలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త సభలోకి మామ మళ్ళీ వెళ్ళాడు. చెట్ల విషయమంటే అప్పటికి అందరూ ఆయన్నే అడిగేవాళ్ళు. ఊరి తోపులు ఊరివే, సర్కారు కొట్టకూడదు అని ఒక తీర్మానం తయారు చేశాడు. మంచి తీర్మానం, ఇప్పటికీ అదే మాటంటాను. దానికి ఉపన్యాసం రాసి, దిద్దమని నాకు ఇచ్చాడు. నాలుగో పేజీలో ఆ తోపు ఉంది. నేల రాలిన కాయనైనా ఇంటికి తీసుకుపోని భక్తి మన పల్లెలది అని ఉంది.

నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. పొద్దున చూసుకుని మామ నా దగ్గరికి వచ్చాడు.

“ఇది లేకపోతే వాళ్ళు ఒప్పుకోరే. కథ ఒకటి ఉండాలి.”

“ఆమె పోయింది మామా.”

“తెలుసు. నేనే మోసినాను.” నిజమే, పాడె ఒక కొస ఆయన భుజం మీదే ఉంది. “ఇప్పుడిది నిజం కదా. ఎవరూ ఏరడం లేదు. అబద్ధం రాసినావని ఇంక ఎవరూ అనలేరు.”

నేను ఎర్ర సిరా సీసాకు మూత పెట్టాను. ఆయన మళ్ళీ దాన్ని రాసుకున్నాడు. తీర్మానం నెగ్గింది. సభవాళ్ళు అచ్చువేసిన పుస్తకం ఒకటి మా బీరువాలో ఉంది. అందులో ఆ వాక్యం అట్లాగే ఉంది, మామ పేరు కింద. చక్కటి వాక్యం. రాసింది నేను.